కథ చదివి తుపాకీ మీద మనసు మార్చుకుంటారా?

స్టీఫెన్ కింగ్ తుపాకుల మీద జనం అభిప్రాయం మార్చాలనుకున్నప్పుడు నవల రాయలేదు, వ్యాసం రాశాడు. 2012 డిసెంబరు 14న కనెటికట్ రాష్ట్రంలోని శాండీ హుక్ స్కూల్లో ఒక యువకుడు 20 మంది పసిపిల్లల్ని, ఆరుగురు సిబ్బందిని కాల్చి చంపాడు. ఆ తర్వాత అమెరికా అంతా గన్ కంట్రోల్ మీద వాదులాడుకుంటున్న రోజుల్లో, 2013 జనవరిలో, కింగ్ ఓ చిన్న వ్యాసాన్ని ఈ-బుక్‌గా వదిలాడు. తన దగ్గరా తుపాకులున్నాయని చెప్పేసి, తనలాంటి తుపాకీ యజమానులతోనే నేరుగా మాట్లాడాడు. కొనే ప్రతి ఒక్కరికీ బ్యాక్‌గ్రౌండ్ చెక్, అంటే ముందుగా నేరచరిత్ర ఆరా తీయడం, ఉండాలి, పది తూటాలకు మించి పట్టే మ్యాగజైన్లు అమ్మకూడదు, అసాల్ట్ రైఫిళ్లు అమ్మకూడదు అన్నాడు. కోట్ల కాపీలు అమ్ముడుపోయే నవలాకారుడు, పాఠకుల్ని తెల్లవార్లూ మేలుకోబెట్టి చదివించగల మనిషి, ఇంత ముఖ్యమైన పనికి కథను వాడుకోలేదు.

కథకు శక్తి లేదని ఆయన అనుకోలేదు. అదే వ్యాసంలో తన పాత నవల 'రేజ్' గురించి చెప్పుకొచ్చాడు. ఒక స్కూలు కుర్రాడు టీచర్ని కాల్చి చంపి క్లాసుని బందీగా పట్టుకునే కథ అది, 1977లో రిచర్డ్ బాక్‌మన్ అనే మారుపేరుతో వచ్చింది. 1997లో కెంటకీ రాష్ట్రం పదూకా దగ్గర ఒక హైస్కూల్లో, ప్రార్థన చేసుకుంటున్న తోటి పిల్లల మీద కాల్పులు జరిపి ముగ్గుర్ని చంపిన కుర్రాడి లాకర్లో ఆ నవల దొరికింది. కింగ్ దాని ముద్రణ ఆపించేశాడు. ఆ పుస్తకమే ఇలాంటి కుర్రాళ్లని హంతకుల్ని చేసిందని ఆయన అనలేదు, అప్పటికే లోపల విరిగిపోయిన పిల్లలకు అది మంట ఎగదోసి ఉండొచ్చు అన్నాడు. ఒకరిద్దరి విషయంలో అంత పని చేయగల కథ, కోట్లమంది ఓటర్ల అభిప్రాయం దగ్గరికి వచ్చేసరికి ఏం చేయగలదు?

తుపాకీ చట్టాల మీద ఇప్పటికే గట్టి పక్షం ఉన్న మనిషిని ఒక కథ రెండో పక్షానికి లాక్కురావడం చాలా అరుదు. కానీ తుపాకీ అనగానే మనసులో ఏ బొమ్మ మెదులుతుందో దాన్ని కథ మార్చగలదు, తన చుట్టూ ఉన్నవాళ్లకు ఏది మామూలు అనిపిస్తుందో దాన్నీ కదపగలదు. ఇంకో చిక్కు కూడా ఉంది, దీని గురించే ఎక్కువ మాట్లాడుకోవాలి. కథ చెప్పే పద్ధతిలోనే తుపాకీని వదిలేసి మనిషిని పట్టుకునే గుణం ఉంది. అందుకే గన్ కంట్రోల్ కోరేవాళ్లు కథ సహజంగానే తమ వైపు పనిచేస్తుందని అనుకుంటే దెబ్బతింటారు.

లెక్కలు చెప్పి ఒప్పించవచ్చు కదా, మధ్యలో కథలెందుకు అనేవాళ్లుంటారు. యేల్ యూనివర్సిటీకి చెందిన డాన్ కహాన్, మరికొందరు కలిసి చేసిన ప్రయోగం ఒకటుంది. 1,111 మంది అమెరికన్లలో కొందరికి చర్మం మీద దద్దురుకి రాసే ఒక క్రీమ్ గురించి చిన్న పట్టిక ఇచ్చారు. రాసుకున్నవాళ్లలో 223 మందికి తగ్గింది, 75 మందికి ఎక్కువైంది. రాసుకోనివాళ్లలో 107 మందికి తగ్గింది, 21 మందికి ఎక్కువైంది. పైపైన చూస్తే 223 పెద్ద అంకె కాబట్టి క్రీమ్ మంచిదే అనిపిస్తుంది, కానీ నిష్పత్తి కడితే రాసుకున్నచోట ముగ్గురికి తగ్గితే ఒకరికి పెరిగింది, రాసుకోనిచోట ఐదుగురికి తగ్గితే ఒకరికి పెరిగింది. అంటే రాయకపోవడమే మేలు. లెక్కలు బాగా వచ్చినవాళ్లు దీన్ని సరిగ్గానే పట్టుకున్నారు. ఇంకొందరికి అవే అంకెలు ఇచ్చి, క్రీమ్ బదులు, తుపాకీని దాచిపెట్టుకుని బయట తిరగడాన్ని నిషేధించిన నగరాల్లో నేరాలు తగ్గాయా పెరిగాయా అని అడిగారు. అంతే, కథ మారిపోయింది. జవాబు తమ పార్టీ అభిప్రాయానికి అనుకూలంగా ఉన్నప్పుడు సరిగ్గా లెక్క కట్టారు, లేనప్పుడు తప్పారు. పైగా లెక్కల్లో దిట్టలైనవాళ్ల మధ్యే తేడా ఎక్కువ కనిపించింది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనడానికి తెలివితేటలు అడ్డు రావు, సాయపడతాయి.

కారణం పెద్ద రహస్యమేం కాదు. అమెరికాలో చాలామందికి తుపాకీ అంటే ఒక వస్తువు మాత్రమే కాదు. తాత ఇచ్చిన రైఫిల్, తండ్రితో వేటకెళ్లిన శీతాకాలం, పోలీసు స్టేషన్ ఎక్కడో దూరంగా ఉండే పల్లె, ప్రభుత్వం ముందు తల వంచనక్కర్లేదనే ధీమా, అన్నీ అందులోనే ఉంటాయి. ప్యూ రీసెర్చ్ అనే సంస్థ 2023లో చేసిన సర్వేలో తుపాకీ ఉన్నవాళ్లలో 72 శాతం ఆత్మరక్షణే ప్రధాన కారణాల్లో ఒకటని చెప్పారు. అలాంటి మనిషికి గణాంకాలు చూపిస్తే తన అభిప్రాయాన్ని కాదు, తననే తప్పుపడుతున్నట్టు వినిపిస్తుంది. ఇక్కడే కథ మీద ఆశ పుడుతుంది, ఎందుకంటే కథ వాదనకు దిగదు, పాఠకుడు కూడా కవచం వేసుకుని కూర్చోడు.

ఆ ఆశకు ఆధారం ఉందా అంటే కొంత ఉంది. 2000లో మెలనీ గ్రీన్, తిమోతీ బ్రాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన పరిశోధన ఈ రంగంలో అందరూ చెప్పుకునేది. షాపింగ్ మాల్లో ఒక చిన్న పాప హత్యకు గురయ్యే కథనాన్ని విద్యార్థులతో చదివించారు. పాప పక్కనే అక్క ఉంది. చంపినవాడు మానసిక వైద్యశాల నుంచి అనుమతి మీద బయటికొచ్చిన రోగి. కథలో ఎంత లీనమయ్యారో కొలిచారు, తర్వాత నమ్మకాల మీద ప్రశ్నలడిగారు. ఎక్కువ లీనమైనవాళ్లు మాల్స్ ప్రమాదకరమని, లోకంలో న్యాయం తక్కువని, మానసిక రోగుల స్వేచ్ఛ మీద అదుపు ఉండాలని చెప్పడం ఎక్కువగా కనిపించింది. ఇది జరిగిన సంఘటన అని చెప్పినా, కల్పన అని చెప్పినా ఫలితం ఒకటే. కల్పితం అని తెలిసినంత మాత్రాన మనసు తలుపులేం మూసుకోలేదు. ఇంకో చిన్న పరీక్ష పెట్టారు, కథలో అబద్ధంలా అనిపించిన చోటల్లా గుండ్రం చుట్టమన్నారు. మునిగిపోయి చదివినవాళ్ల కాగితాల మీద గుండ్రాలు తక్కువ. తప్పులు వెతికే ఓపికే పోయిందన్నమాట, ఒప్పించడంలో కథకున్న అసలు బలం అదే.

కానీ ఆ కథ చదివి జనం ఎవరి మీద అదుపు కావాలన్నారో చూడండి. మానసిక రోగుల మీద. ఆ కథలో ఆయుధం కత్తి, అయినా ఎవరి చూపూ ఆయుధం మీద పడే అవకాశం లేదు. ఇప్పుడా కత్తి బదులు తుపాకీ పెట్టి అదే కథను అదే పద్ధతిలో చెబితే పాఠకుడు గన్ కంట్రోల్ వైపు మొగ్గుతాడని ఎందుకనుకోవాలి? బహుశా మళ్లీ ఆస్పత్రుల గేట్లకు తాళాలు వేయమనే అంటాడు. అమెరికాలో ప్రతి సామూహిక కాల్పుల తర్వాతా ఒక పక్షం చెప్పేది సరిగ్గా ఇదే, సమస్య తుపాకీలో లేదు, మనిషి బుర్రలో ఉంది అని. గుండెలు పిండేసే కథ పాఠకుణ్ని ఏడిపించి, తీసుకెళ్లి ఆ పక్షానికే అప్పజెప్పే ప్రమాదం ఉంది.

స్కూలు కాల్పుల మీద వచ్చిన పేరున్న నవలల్ని ఈ దృష్టితో చూడాలి. లయనెల్ ష్రైవర్ 2003లో రాసిన 'వి నీడ్ టు టాక్ అబౌట్ కెవిన్' నవల అంతా ఒక తల్లి తన కొడుకు ఎందుకిలా అయ్యాడని తవ్వుకోవడమే. అందులో ఆ కుర్రాడు వాడే ఆయుధం తుపాకీ కాదు, విల్లు లాంటి క్రాస్‌బో. అంటే స్కూలు మారణకాండ మీద వచ్చిన అంత గొప్ప నవల తుపాకీ లేకుండానే నడిచిపోయింది. జోడీ పికో 2007లో రాసిన 'నైన్‌టీన్ మినిట్స్'లో తుపాకులున్నాయి, కానీ చదివాక మనసులో నిలిచేది ఏళ్ల తరబడి స్కూల్లో ఆ కుర్రాడు పడిన వేధింపు. ఇవి రచయితల తప్పులు కావు. నవల పని మనిషి లోపలికి వెళ్లడం, "ఎందుకు చేశాడు?" అని అడగడం. గన్ కంట్రోల్ వాదం అడిగే ప్రశ్న వేరు, "దేనితో చేశాడు, అది వాడి చేతికి అంత తేలిగ్గా ఎలా వచ్చింది?" అని. కోపం, అవమానం, పిచ్చి అన్ని దేశాల కుర్రాళ్లకూ ఉంటాయి, బీరువా తెరిస్తే రైఫిల్ దొరకడం మాత్రం అన్ని దేశాల్లోనూ ఉండదు. స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2017 నాటికి అమెరికా పౌరుల దగ్గర దాదాపు 39 కోట్ల తుపాకులున్నాయి, జనాభా కంటే ఎక్కువ. ఆ అంకెకు పాత్రచిత్రణ ఉండదు. పాత్ర ఎంత లోతుగా కనిపిస్తే, దోషం అంతగా పాత్ర లోపలే కనిపిస్తుంది.

దీనికి తోడు రష్యన్ రచయిత చెహోవ్ చెప్పిన సూత్రం ఒకటుంది. మొదటి అంకంలో గోడకు తుపాకీ వేలాడితే తర్వాత అది పేలాల్సిందే. కథకు అది మంచి సూత్రం, జీవితానికి కాదు. నిజంగా ఇళ్లలో ఉన్న తుపాకులు చాలావరకు ఏళ్ల తరబడి పేలకుండా పడి ఉంటాయి, తుపాకీ యజమానికి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే తుపాకీ కనిపించిన ప్రతి కథలోనూ శవం లేస్తుంటే అతను "వీళ్లకి మా బతుకు తెలియదు" అని పుస్తకం మూసేస్తాడు. పరిశోధకులు గుండ్రాలు చుట్టించారే, అలాంటి గుండ్రాలు అతని మనసులో వరసగా పడిపోతాయి.

గన్ కంట్రోల్ కోరేవాళ్ల కథల సంగతి ఇలా ఉంటే, తుపాకీ వైపు కథలు నూటపాతికేళ్ల నుంచి చాలా బాగా పనిచేశాయి. తుపాకీ మీద అమెరికన్ల అభిప్రాయాన్ని కల్పన మార్చగలదా అనే ప్రశ్నకు అతి పెద్ద రుజువు అదే, ఎప్పుడో మార్చేసింది. 1902లో ఓవెన్ విస్టర్ 'ది వర్జీనియన్' దగ్గర్నుంచి వచ్చిన కౌబాయ్ నవలలు, ఆ తర్వాత సినిమాలు కలిసి పాత పశ్చిమ అమెరికాను ప్రతి మగాడి నడుముకీ రివాల్వర్ ఉండే లోకంగా స్థిరపరిచాయి. చరిత్రలో మాత్రం ఆ ఊళ్లలో చాలాచోట్ల తుపాకీతో తిరగడం నిషేధం. అరిజోనాలోని టూంబ్‌స్టోన్ ఊరు 1881లో తొమ్మిదో నంబరు ఆర్డినెన్స్ పెట్టింది, ఊళ్లోకి వచ్చేవాళ్లు ఆయుధాలు అప్పజెప్పాలి. వెస్టర్న్ కథల్లో అన్నిటికంటే ప్రసిద్ధమైన ఓకే కొరాల్ కాల్పులు, అదే ఊళ్లో పోలీసు అధికారులకూ కౌబాయ్‌లకూ మధ్య అదే ఏడాది అక్టోబరు 26న జరిగినవి, ఆ ఆర్డినెన్స్ అమలు చేయబోయిన గొడవతోనే మొదలయ్యాయి. గన్ కంట్రోల్ చట్టం అమలు గురించిన సంఘటన, కథల చేతిలో పడి తుపాకీ వీరుల గాథ అయిపోయింది! 1953లో వచ్చిన 'షేన్' సినిమాలో హీరో చెప్పే మాట ఒకటుంది, తుపాకీ ఓ పనిముట్టు, దాని మంచిచెడ్డలు పట్టుకున్న మనిషిని బట్టే అని. ఇవాళ టీవీ చర్చల్లో వినిపించేది దాదాపు ఆ మాటే. ఆయుధాలున్న సమాజమే మర్యాదగా ఉంటుందనే నినాదం తుపాకీ అభిమానుల టీషర్టుల మీద కనిపిస్తుంది, అది రాబర్ట్ హైన్‌లైన్ 1942లో పత్రికలో సీరియల్‌గా రాసిన ఒక సైన్స్ ఫిక్షన్ నవలలోది. కల్పిత పాత్ర చెప్పిన మాటను జనం సామాజిక సూత్రంలా వాడుతున్నారు. 2016లో తుపాకీ హక్కుల సంఘం ఎన్.ఆర్.ఏ. కుటుంబాల కోసం నడిపే వెబ్‌సైట్ ఇంకో అడుగు వేసి పాత జానపద కథల్ని తిరగరాయించింది, రెడ్ రైడింగ్ హుడ్ చేతికి రైఫిల్ ఇచ్చింది. తోడేలు ఎవర్నీ తినకుండానే కథ సుఖాంతం అవుతుంది. వాళ్లకు కథ విలువ బాగా తెలుసు.

ఇన్ని కథల మధ్య ఒక మరణం దాదాపు కనపడకుండా పోయింది. 2021లో అమెరికాలో తుపాకీతో చనిపోయినవాళ్లు 48,830 మంది. అందులో సగం కంటే ఎక్కువ, 26,328 మంది, ఆత్మహత్యలు. స్కూలు కాల్పులు కావు, దొంగలు కావు, గ్యాంగులూ కావు. రాత్రి పూట ఇంట్లో ఒంటరిగా కూర్చుని సొరుగు లాగినవాళ్లు. తుపాకీతో ప్రయత్నించినవాళ్లలో పదికి ఎనిమిది, తొమ్మిది మంది చనిపోతారు, మాత్రలు మింగినవాళ్లలో అత్యధికులు బతికి బయటపడతారు. హ్యూస్టన్‌లో దాదాపు ప్రాణాల మీదికి తెచ్చుకుని బతికిన యువతీయువకులతో మాట్లాడి 2001లో ప్రచురించిన పరిశోధనలో, నిర్ణయానికీ ప్రయత్నానికీ మధ్య గడిచింది ఐదు నిమిషాల లోపే అని చెప్పినవాళ్లు 24 శాతం. ఆ ఐదు నిమిషాలు దాటిస్తే, ఆ సొరుగుకు తాళం ఉంటే, చాలామంది ఇవాళ మన మధ్య ఉండేవాళ్లు. తుపాకీ కొన్నాక చేతికి అందడానికి కొన్ని రోజులు ఆగాలి అనే చట్టాలకు, ఇంట్లో తాళం వేసి ఉంచాలి అనే చట్టాలకు వెనకున్న తర్కం ఇదే. మనిషిని మార్చక్కర్లేదు, కాస్త సమయం కొనిస్తే చాలు.

సమయాన్ని సాగదీయడం కథ చేయగలిగినంత బాగా ఇంకేదీ చేయలేదు. జేసన్ రెనాల్డ్స్ 2017లో రాసిన 'లాంగ్ వే డౌన్' అలా పనిచేసిన పుస్తకం. టీనేజీ పిల్లల కోసం వచన కవితలా రాసిన నవల. పదిహేనేళ్ల కుర్రాడి అన్నను ఎవరో కాల్చి చంపారు. వీధిలో కొన్ని నియమాలున్నాయి, ఏడవకూడదు, పోలీసులకు చెప్పకూడదు, పగ తీర్చుకోవాలి. కుర్రాడు ఇరుక్కుపోయిన అన్న సొరుగును బలవంతంగా లాగి తుపాకీ తీసి నడుముకు దోపుకుని లిఫ్ట్ ఎక్కుతాడు. పై నుంచి కింది అంతస్తుకు పట్టేది నిమిషం పైచిలుకు. నవలంతా ఆ నిమిషమే. ప్రతి అంతస్తులోనూ లిఫ్ట్ ఆగుతుంది, తుపాకీకి బలైన ఒక్కొక్కరూ ఎక్కుతారు, తూటాలు లెక్కపెడతారు, నువ్వు చంపబోయేది సరైన మనిషేనా అని అడుగుతారు. ఈ పుస్తకం గన్ కంట్రోల్ గురించి ఒక్క ఉపన్యాసం ఇవ్వదు. కానీ తుపాకీ ఇందులో గోడకు వేలాడే బొమ్మ కాదు, ఆ కుర్రాడి కోపాన్ని హత్యగా మార్చగల ఏకైక వస్తువు అదే. ఆ సొరుగు ఖాళీగా ఉంటే అతను లిఫ్ట్ ఎక్కేవాడు కాదని పాఠకుడికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. "ఎందుకు"ను వదలకుండానే "దేనితో"ను మధ్యలో నిలబెట్టొచ్చని నిరూపించిన రచన అది.

మరి ఇలాంటి పుస్తకం చదివినవాళ్ల అభిప్రాయాలు నిజంగా మారి, అలాగే ఉంటాయా? ఇక్కడ పరిశోధనల్ని అతిగా నమ్మకూడదు. 2013లో 'సైన్స్' పత్రికలో కిడ్, కస్టానో అనే ఇద్దరు సాహిత్య కథలు కొంచెం చదివినా ఎదుటివాళ్ల మనసు గ్రహించే శక్తి పెరుగుతుందని ప్రచురించారు, ప్రపంచమంతా పండగ చేసుకుంది. వేరేవాళ్లు అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఆ ఫలితం నిలబడలేదు. 2018లో 14 ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణలో ప్రభావం ఉంది కానీ చాలా చిన్నది. మరోపక్క మార్కుస్ అపెల్, టోబియాస్ రిక్టర్ 2007లో చేసిన ప్రయోగంలో, కథలోంచి ఎక్కిన నమ్మకాలు రెండు వారాల తర్వాత తగ్గకపోగా ఇంకా బలపడ్డాయి. ఎక్కడ చదివామో మర్చిపోతాం, విషయం మాత్రం మనదైపోతుంది. అది ఆశ కలిగించే సంగతీ, భయపెట్టే సంగతీ కూడా.

అసలు అభిప్రాయం మారడం అనే కొలతే ఇక్కడ సరిపోదు. శాండీ హుక్ తర్వాత, తుపాకీ కొనే అందరికీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉండాలని సర్వేల్లో పదిమందికి తొమ్మిదిమంది దాకా అన్నారు. అయినా 2013 ఏప్రిల్ 17న సెనేట్‌లో ఆ బిల్లుకు 54 ఓట్లే వచ్చాయి, కావలసినవి 60. అభిప్రాయం అప్పటికే ఉంది, పట్టుదల లేదు. వ్యతిరేకించే పక్షంలో ఆ ఒక్క అంశం మీదే ఓటు వేసేవాళ్లు, సెనేటర్‌కి ఫోన్లు చేసేవాళ్లు ఎక్కువ. ఒప్పుకుని ఊరుకున్న మనిషిని కదిలించడం, ఒప్పుకోనివాణ్ని ఒప్పించడం కంటే కథకు తేలిక, పైగా ఎక్కువ ఉపయోగం. ఇది సర్వేలో అవునా కాదా అనే గడిలో కనపడదు.

ఆఫ్రికా దేశం రువాండా అనుభవం ఇంకా స్పష్టంగా ఉంది. మారణకాండ జరిగిన పదేళ్లకు అక్కడ రెండు వర్గాల మధ్య సయోధ్య కోసం ఒక రేడియో సీరియల్ మొదలుపెట్టారు. ఎలిజబెత్ పాలక్ అనే పరిశోధకురాలు ఏడాది పాటు కొన్ని సమూహాలకు అది వినిపించి, మరికొన్నింటికి ఆరోగ్యం మీద ఇంకో సీరియల్ వినిపించి, 2009లో ఫలితాలు ప్రచురించింది. విన్నవాళ్ల సొంత నమ్మకాలు పెద్దగా మారలేదు. కానీ చుట్టుపక్కలవాళ్లు ఏది సరైనదనుకుంటారు, మా మధ్య ఏది మామూలు అనే అంచనా మారింది, దానితో పాటు ప్రవర్తనా మారింది, బయటికి మాట్లాడటం, కలిసి నిర్ణయాలు తీసుకోవడం పెరిగింది. తుపాకీ విషయంలో ఇది చాలా కీలకం. 1988 నుంచి హార్వర్డ్ వాళ్లు టీవీ రచయితలతో మాట్లాడి, పార్టీకి వెళ్లేటప్పుడు ఒకరు తాగకుండా ఉండి కారు నడపడం అనే అలవాటును సీరియళ్లలో మామూలు సంగతిగా చూపించేలా చేశారు, అది జనంలోకి వెళ్లిపోయింది. 2022లో టెక్సాస్‌లోని యువాల్డీ స్కూల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయాక, హాలీవుడ్ రచయితలు, నిర్మాతలు 200 మందికి పైగా, తుపాకీ హింసను తగ్గించాలని పనిచేసే బ్రేడీ సంస్థ ఆధ్వర్యంలో ఒక లేఖ మీద సంతకాలు పెట్టారు. తెర మీద తుపాకీ చూపిస్తే దానికి తాళం వేయడమూ చూపిద్దాం అన్నది అందులోని మాట. కొందరికి ఇది చిన్న పనిలా అనిపించవచ్చు. కానీ తుపాకీ యజమానిని శత్రువుగా చూపకుండా, అతని ఇంట్లోనే అతను చేయగల పనిని మామూలు చేయడం, పార్టీ గోడలు అడ్డుపడని దారి.

అయితే పుస్తకం చేతికి అందితే కదా ఏమైనా జరిగేది. తుపాకీని ఇష్టపడే ఇంట్లో పెద్దవాళ్లు ఇలాంటి నవల కొనుక్కుని చదవరు, చదివేవాళ్లు ముందే ఒప్పుకున్నవాళ్లు. అన్ని ఇళ్ల పిల్లలూ ఒకే పుస్తకం చదివే చోటు స్కూలు ఒక్కటే. అక్కడే తలుపులు మూస్తున్నారు. రచయితల స్వేచ్ఛ కోసం పనిచేసే పెన్ అమెరికా సంస్థ లెక్కల ప్రకారం 2023–24 విద్యా సంవత్సరంలో అమెరికా పబ్లిక్ స్కూళ్లలో అన్నిటికంటే ఎక్కువ నిషేధాలు ఎదుర్కొన్న పుస్తకం జోడీ పికో 'నైన్‌టీన్ మినిట్స్'. అభ్యంతరం తుపాకుల మీద కాదు, అందులోని ఒక లైంగిక సన్నివేశం మీద అని రచయిత్రి చెప్పింది. కారణం ఏదైనా నష్టం ఒకటే, కాల్పుల డ్రిల్లు చేస్తూ బల్లల కింద దాక్కునే పిల్లలకే ఆ కథ చదివే వీల్లేకుండా పోయింది.

తెలుగువాళ్లకు ఇది దూరపు గొడవ కాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఒలేత ఊళ్లో ఒక బార్‌లో హైదరాబాద్ ఇంజనీర్ని ఒకడు జాతి ద్వేషంతో కాల్చి చంపినప్పటి నుంచీ, అమెరికాలో పిల్లలున్న ప్రతి తెలుగు ఇంట్లో ఈ టెన్షన్ ఉంది. ఇక్కడ ఇంకో పరిశోధన గుర్తుంచుకోవాలి. 1997లో డెబొరా ప్రెంటిస్, రిచర్డ్ గెరిగ్, డేనియల్ బెయిలిస్ కలిసి యేల్, ప్రిన్స్‌టన్ విద్యార్థుల మీద చేసినది. కథ తమ సొంత కాలేజీలో జరిగితే అందులోని తప్పుడు మాటల్ని విద్యార్థులు నమ్మలేదు, తెలియని కాలేజీలో జరిగితే నమ్మారు. తెలియని చోటు గురించి కథ ఏం చెప్పినా తలకెక్కుతుంది. అమెరికా తుపాకీ అంటే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చున్నవాళ్లకు కనపడేది సినిమా తుపాకీ, రోడ్డు మీద ముసుగు దొంగ. డాలస్‌కో అట్లాంటాకో వెళ్లి స్థిరపడ్డవాళ్లకు అసలు ప్రమాదం చాలాసార్లు పక్కింటి బెడ్‌రూమ్ సొరుగులో ఉంటుందని ఆ కథలు చెప్పవు. తాళం లేకుండా తూటాలు నింపి పెట్టిన తుపాకీ ఉన్న ఇళ్లలో పెరుగుతున్న పిల్లలు అమెరికాలో 46 లక్షల మంది దాకా ఉంటారని సర్వేల అంచనా.

2000 నుంచి అక్కడ పిల్లల డాక్టర్ల సంఘం తోడుగా ఒక ప్రచారం నడుస్తోంది. పిల్లల్ని ఎవరింటికైనా ఆడుకోవడానికి పంపేముందు, మీ ఇంట్లో తాళం వేయని తుపాకీ ఉందా అని అడగండి అని. దీనికోసం జూన్ 21ని ప్రత్యేకంగా పెట్టుకున్నారు. కూతుర్ని తొలిసారి స్లీపోవర్‌కి, అంటే స్నేహితురాలింట్లో రాత్రి పడుకోవడానికి, పంపుతున్న తెలుగు తల్లికి ఈ ప్రశ్న అడగడం ఎంత కష్టమో ఆలోచించండి. వేరుశనగ ఎలర్జీ ఉందని చెప్పడానికి మొహమాటం లేదు, ఇది అడిగితే మాత్రం ఏమనుకుంటారో, మళ్లీ పిలుస్తారో లేదో, పిల్ల నొచ్చుకుంటుందేమో అని మెసేజ్ టైప్ చేసి చెరిపేస్తుంది. భర్త "ఎందుకొచ్చిన గొడవ, మంచివాళ్లే కదా" అంటాడు. ఇందులో శవం లేదు, దుర్మార్గుడు లేడు, పేలే తుపాకీ కూడా లేదు, అయినా ఒక మంచి కథకు కావలసినంత ఇబ్బంది ఉంది. అక్కడ ఉన్న తెలుగు కథకులు దీన్ని రాయాలి. ఆమె చివరికి అడగడం, అవతలి ఇల్లాలు "ఉంది, సేఫ్‌లో పెట్టి తాళం వేశాం, అడిగినందుకు థాంక్స్" అనడం, పిల్ల బ్యాగు సర్దుకుని వెళ్లడం, అక్కడిదాకా రాస్తే చాలు. చదివిన తల్లులు ఏ పార్టీకి ఓటేస్తారో, గన్ కంట్రోల్ మీద ఏమనుకుంటారో ఆ కథ పట్టించుకోనక్కర్లేదు, తర్వాతిసారి ఆ మెసేజ్ చెరిపేయకుండా పంపితే అది చేయగలిగిన పని చేసినట్టే.